మంచు గురించి ఎవరిని అడగాలి?

పిల్లలూ, పెద్దవాళ్ళు చెప్పేది పాత సంగతి, పుస్తకంలో ఉన్నదే సైన్సు అని చాలామంది అనుకుంటారు. అది సరికాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి మనం ఉంటున్న ఈ అమెరికాలోనే జరిగిన ఒక సంగతి ఉంది.

ఈ దేశానికి ఉత్తరాన చిట్టచివరి ఊరు అలాస్కాలోని ఉట్కియాగ్విక్. అక్కడి ఇన్యుపియాట్ ప్రజలు తరతరాలుగా బోహెడ్ తిమింగలాలను వేటాడి, ఆ మాంసాన్ని ఊరంతా పంచుకుని తింటారు. 1977లో అంతర్జాతీయ తిమింగలవేట కమిషన్ ఆ వేట ఆపేయమంది. తిమింగలాలు మహా అయితే 2,000 మిగిలాయని అప్పటి శాస్త్రవేత్తల అంచనా. వేటగాళ్ళు ఒప్పుకోలేదు. మీరు మంచు అంచున నిలబడి కంటికి కనిపించినవే లెక్కపెడుతున్నారు, అవి మంచు కింద నుంచి కూడా వెళ్తాయి, తలతో మంచును పగలగొట్టి ఊపిరి తీసుకుంటాయి అన్నారు. తర్వాత శాస్త్రవేత్తలు నీళ్ళలోకి మైకులు దించి విన్నారు, విమానాల్లోంచి చూశారు. వేటగాళ్ళ మాటే నిజమైంది! 2001 నాటి లెక్కలో తిమింగలాలు 10,000 దాటాయి.

ఇప్పుడు వాళ్ళకు ఇంకో కష్టం వచ్చింది. భూమి వేడెక్కి సముద్రం ఆలస్యంగా గడ్డకడుతోంది. మాంసం దాచుకోవడానికి గడ్డకట్టిన నేలలో తవ్విన కొట్లలోకి నీరు చేరుతోంది. పాత అనుభవం ఒక్కటే చాలడం లేదు. మరి వాళ్ళేం చేస్తున్నారు? మబ్బు అడుగున నల్లగా కనిపిస్తే అక్కడ మంచు లేని నీళ్ళు ఉన్నాయని పెద్దలు నేర్పారు. అది చూస్తూనే జీపీఎస్ కూడా వాడుతున్నారు. అలాస్కా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు వేటగాళ్ళు నడిచే మంచు దారుల మందం కొలిచి మ్యాపులు తయారుచేశారు. రెండు చదువులూ కలవడమంటే ఇదే.

ఈ తెలివి నిలిచేది భాషలో. ఒడ్డుకు అతుక్కుని కదలకుండా ఉండే మంచుకు వాళ్ళ భాషలో 'తువాక్' అని వేరే పేరు ఉంది. మనమేమో మంచు అనే ఒక్క మాటతో ఐసునీ, స్నోనీ సర్దుకుంటాం. అదే వానైతే? తొలకరి, జల్లు, ముసురు, జడివాన! తొలకరి పడితే దుక్కి దున్నాలి. ముసురు పట్టిందంటే ఆరబోసిన ధాన్యం లోపలికి చేర్చాలి. ఒక్కో మాటలో ఒక్కో పాఠం ఉంది.

ఒకప్పుడు అలాస్కా బడుల్లో సొంత భాష మాట్లాడిన పిల్లల్ని శిక్షించేవారు. మిమ్మల్ని ఎవరూ శిక్షించరు. అయినా అడిగేవాళ్ళు లేకపోతే మన మాటలూ పోతాయి.

పెద్దలు చెప్పిందల్లా నమ్మేయమని నేననను. అడగండి, తర్వాత నిజమో కాదో చూడండి. ఈ వారం అమ్మమ్మకో తాతయ్యకో ఫోన్ చేసినప్పుడు రెండు ప్రశ్నలు వేయండి: వాన వస్తుందని మీకు ముందే ఎలా తెలిసేది? మీ చిన్నప్పటికీ ఇప్పటికీ ఏం మారింది? వాళ్ళు వాడిన మాటలు వాడినట్టే తెలుగులో రాసుకురండి.