చీనీ తోటల తెగులు: దోషం కరివేపాకుదేనా?

అనంతపురం చీనీ, నల్గొండ బత్తాయి, గూడూరు నిమ్మ - ఏ తోటకైనా గ్రీనింగ్ తెగులు భయం ఉంది. ఆ మాట ఎత్తగానే రైతుకు వినిపించే సలహా, పెరట్లో కరివేపాకు కొట్టెయ్యమని. ఇందులో సగం నిజముంది. మిగతా సగం చెప్పకపోతే మునిగేది రైతే.

తెగులును మోసేది సిల్లా పురుగు. మూడు, నాలుగు మిల్లీమీటర్లు మించదు. తల వంచి, తోక పైకెత్తి కూర్చుంటుంది. గుడ్లు పెట్టేది లేత చిగుళ్ల మీదనే. నిమ్మ కుటుంబంలోనివే అయిన కరివేపాకు, పట్టణాల్లో పూలకంచెగా పెంచే నాగగొలుగు దానికి ఇష్టమైన నివాసాలు. కోసినకొద్దీ చిగురించే కరివేపాకు మీద బతికి, తోట చిగురు వేయగానే వచ్చి వాలుతుంది.

అయితే పురుగు వేరు, తెగులు వేరు. తెగులుకు మూలం ఒక బాక్టీరియా. కరివేపాకులో అది నిలవదని బ్రెజిల్‌లో జరిగిన పరీక్షల్లో తేలింది. దాని స్థావరం ప్రధానంగా తెగులు సోకిన చీనీ, నిమ్మ చెట్లే. ఆ చెట్టు కన్ను తెచ్చి కట్టిన అంటుతో తెగులు కొత్త తోటకు చేరుతుంది. సోకిన చెట్టును బాగుచేసే మందు ఇంతవరకు లేదు.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ పురుగు 1998లో కనిపించింది. నర్సరీలు అమ్మిన నాగగొలుగు మొక్కలతో పాటు ఊరూరా పాకింది. 2005లో తెగులు బయటపడింది. 1997-98లో 24 కోట్ల పెట్టెలు దాటిన నారింజ దిగుబడి 2023-24లో 2 కోట్లకు లోపే. తుపానులూ దెబ్బతీశాయి గాని, పెద్ద దెబ్బ ఈ తెగులుదే.

కాబట్టి కరివేపాకు అమ్ముకు బతికే రైతుకూ, చీనీ రైతుకూ తగవు పెట్టి ప్రభుత్వం తప్పుకోరాదు. తల్లిచెట్లను పరీక్షించి, పురుగు దూరని వల ఇళ్లలో పెంచిన అంట్లనే అమ్మనివ్వాలి. తెగులు అంటు అమ్మినవాడి చేత నష్టం కట్టించాలి. తెగులు చెట్టు పీకిన సన్నకారు రైతుకు, కొత్త మొక్క కాపుకొచ్చేవరకు పరిహారం ఇవ్వాలని మేము కోరుతున్నాం.

రైతులు చేయవలసిందీ ఉంది. ఒక్కడు మందు కొడితే పురుగు పక్క తోటకు పోయి మళ్లీ వస్తుంది. చిగురు వేళ ఊరంతా ఒకే వారంలో కదలాలి. తోట పక్కనున్న కరివేపాకు చిగుళ్లను కత్తిరించి కాల్చండి. దాని మీద మాత్రం విషపు మందు కొట్టకండి, అది రేపు మన చారులో పడే ఆకే.