ఫ్రెషరుకి అనుభవం ఎక్కణ్ణించి వస్తుంది?

పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత మన వెబ్ డెవలపర్ ఉద్యోగాల కోసమే పుట్టినట్టుంది. అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు, ఉద్యోగం లేనిదే అనుభవం రాదు. ఈ ముడి విప్పలేక మనవాళ్ళు కొందరు పట్టిన అడ్డదారి అమీర్‌పేట తెలిసిన వాళ్ళందరికీ తెలిసిందే. డబ్బు కడితే మూడేళ్ళ అనుభవం, పే స్లిప్పులతో సహా చేతిలో పెడతారు.

నీతులు చెప్పడం నా ఉద్దేశం కాదు. అప్పుచేసి చదివించిన నాన్న ఊళ్ళో ఎదురుచూస్తుంటే ఎవరికైనా మనసు అటు లాగుతుంది. కానీ లెక్క వేసుకున్నా అది నష్టమే. 2014లో పీఎఫ్‌కి యూఏఎన్ వచ్చాక, ఏ కంపెనీ మీ పేరు మీద ఎప్పట్నించి ఎప్పటిదాకా కట్టిందో అందులో కనబడిపోతుంది. చేరిన ఆర్నెల్లకి బయటపడినా ఇంటికి పంపిస్తారు.

మరేం చెయ్యాలి? నన్నడిగితే, ఒక్క నిజమైన మనిషి రోజూ వాడే సైటు ఒకటి కట్టండి. టుడూ లిస్టులు, అమెజాన్ నకళ్ళు రెజ్యూమెల్లో చూసీ చూసీ విసుగొచ్చింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక అవి ఒక పూటలో ఎవరైనా తయారుచెయ్యొచ్చు. పైగా వాటికి "బాబూ, బిల్లు రావట్లేదు" అని ఫోన్ చేసే యజమాని ఉండడు. అసలు చదువంతా ఆ ఫోన్‌లోనే ఉంది.

మీ బాబాయికి విత్తనాల కొట్టు ఉందనుకోండి. రైతుల ఖాతాలు రాసే సైటు మొదలుపెట్టండి. మొట్టమొదట పేరు దగ్గరే ఆగిపోతారు. "రాము" చూడ్డానికి రెండక్షరాలు. జావాస్క్రిప్టుని పొడవు అడిగితే నాలుగంటుంది, ఎందుకంటే ర, దాని దీర్ఘం, మ, దాని కొమ్ము విడివిడిగా లెక్క. యూటీఎఫ్-8లో అదే పేరు 12 బైట్లు. మైఎస్‌క్యూఎల్‌లో 2018లో 8.0 వచ్చేదాకా డిఫాల్ట్ లాటిన్1, కాబట్టి పాత సర్వరు దొరికితే రాము కాస్తా నాలుగు ప్రశ్నార్థకాలై కూర్చోవచ్చు :) తర్వాత బాబాయి నెట్ నెమ్మదిగా ఉందని బటన్ రెండుసార్లు నొక్కుతాడు, రెండు బిల్లులు పడతాయి. ధర 1,200 అని కామాతో కొడతాడు, కూడిక తప్పుతుంది. డొమైన్ గడువు సరిగ్గా సీజన్‌లోనే అయిపోతుంది. ఇంటర్వ్యూలో వీటిల్లో ఒక్కటి, ఎలా పట్టుకున్నారో ఎలా సరిచేశారో చెప్పండి చాలు... ఎదుటివాడు కుర్చీలో ముందుకి జరుగుతాడు.

కొట్టు లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ పీహెచ్‌పీలో రాసిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. చిన్న బగ్ ఒకటి పట్టుకుని ప్యాచ్ పంపండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తప్పులు చూపించి తిప్పి పంపుతారు. మనసు చివుక్కుమంటుంది గానీ, ఆఫీసులో కోడ్ రివ్యూ అంటే అచ్చంగా అదే.

అలాగని పనంతా ఊరికే చేయించుకునే కంపెనీలకీ, ఇంటర్న్‌షిప్‌కి ఎదురు డబ్బడిగే వాళ్ళకీ దొరక్కండి. బాబాయికి చేస్తే బాబాయి రుణపడతాడు, వాళ్ళకి చేస్తే ఎవరూ గుర్తుంచుకోరు.

ఇంత చేసినా పెద్ద కంపెనీల వడపోతలో "ఫ్రెషర్" అన్న మాట చూసి రెజ్యూమె పక్కన పడేసేవాళ్ళు ఉంటారు. అందుకని చిన్న కంపెనీలతో మొదలుపెట్టండి, సీనియర్లని రెఫరల్ అడగడానికి మొహమాటపడకండి. అడిగేటప్పుడు రెజ్యూమె ఒక్కటే పంపకుండా సైటు లంకె కూడా జతచెయ్యండి. రెజ్యూమె తర్వాత చూద్దాంలే అనుకుంటారు గానీ, లంకెని కుతూహలం కొద్దీ అయినా నొక్కుతారు.