కెచప్ పోస్తే పాస్తా కాదు!

పిల్లలు అడిగారని పాస్తా ప్యాకెట్ తేవడం తేలికే. వెనకాల అచ్చువేసిన తయారీ విధానం చదివినప్పుడే అమ్మకు చెమటలు పడతాయి. ఆలివ్ నూనె, ఒరెగానో, బేసిల్, పార్మేజాన్ చీజ్... అవన్నీ కొంటే పాస్తా ఖరీదుకి ఎన్నో రెట్లు! దాంతో చాలా ఇళ్లలో కెచప్ సీసా బోర్లిస్తారు. తీపి, వెనిగర్ పులుపు తప్ప మరేమీ లేని ఆ పాస్తాను పిల్లలు రెండు చెంచాలు తిని పక్కన పెట్టేస్తారు.

అసలు ఇటలీ వాళ్లూ ఉన్నవాటితో సర్దుకున్నవాళ్లే. టొమాటో వాళ్ల పంట కాదు, అమెరికా ఖండాల నుంచి వచ్చింది. 1690లలో నేపుల్స్‌లో వచ్చిన ఆంటోనియో లాటినీ వంటల పుస్తకంలో టొమాటో సాస్ ఉంది కానీ, దాని పేరు ‘స్పెయిన్ పద్ధతి’ సాస్! చీజ్ కొనలేని దక్షిణాది పేదలు ఎండిన రొట్టెను పొడిచేసి, నూనెలో ఎర్రగా వేయించి పాస్తాపై చల్లుకునేవారు. సిసిలీలో ఇప్పటికీ ఆ పొడి చల్లుతారు. మిగిలిపోయిన బ్రెడ్డు అంచులతో మనమూ చేసుకోవచ్చు. కరకరలాడుతూ భలే ఉంటుంది.

ఏదైనా దినుసు లేదంటే, అది వంటలో ఏ పని చేస్తుందో చూసుకుంటే చాలు. ఒరెగానో వాసనకు మూలమైన పదార్థాల్లో థైమాల్ ఒకటి. మన వాములో దండిగా ఉండేదీ అదే! పావు చెంచా వామును అరచేతిలో నలిపి వేస్తే సరి. పెరట్లో వామాకు ఉంటే రెండాకులు సన్నగా తరిగి వేయొచ్చు. బేసిల్ బదులు తులసి వేద్దామని మాత్రం అనుకోవద్దు. రెండూ చుట్టాలే అయినా, తులసి లవంగంలా ఘాటు. సాస్ కాస్తా కషాయమవుతుంది. దింపాక కాస్త కొత్తిమీర చాలు. ఇక నూనె... వేరుసెనగ నూనె నయం. నువ్వుల నూనె పోస్తే పులిహోర వాసనే!

పావుకిలో పాస్తాకి అరకిలో బాగా పండిన టొమాటోలు కావాలి. మూడు చెంచాల నూనెలో ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు ఎండుమిర్చి సన్నమంటపై వేయించాలి. వెల్లుల్లి మాడితే చేదు, మళ్లీ మొదలుపెట్టాల్సిందే. సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఒక క్యారెట్ తురుము మగ్గాక టొమాటో ముక్కలు, ఉప్పు, వాము వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. తొందరపడితే పచ్చివాసన పోదు. నాటు టొమాటోల పులుపుకి క్యారెట్ తీపి విరుగుడు. అప్పటికీ పుల్లగా ఉంటే చిటికెడు వంటసోడా వేయండి, నురగ వచ్చి పులుపు తగ్గుతుంది. ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది సుమా! క్రీము బదులు నానబెట్టిన ఎనిమిది జీడిపప్పులు మెత్తగా రుబ్బి కలపొచ్చు.

2023 జులైలోలా కిలో టొమాటో వంద దాటితే? తీపి గుమ్మడి, క్యారెట్ ఉడికించి మెత్తగా చేసి, చెంచాడు చింతపండు గుజ్జు కలపండి. రంగు కోసం చిన్న బీట్‌రూట్ ముక్క. అచ్చం టొమాటోలా ఉండదు గానీ, పిల్లలు పేచీ పెట్టరు.

అన్నిటికన్నా చవకైన దినుసు సింకులోకి పోతుంటుంది. అదే పాస్తా ఉడికిన గంజి! ఒక గ్లాసుడు పక్కన పెట్టుకోండి. ఆ పిండిపదార్థం నూనెనీ నీటినీ కలిపి సాస్‌ను చిక్కబరుస్తుంది. పాస్తాను ఒక నిమిషం ముందే వార్చి, సాస్‌లో వేసి, అర గ్లాసు గంజి పోసి పెద్దమంటపై కలియబెట్టాలి. అప్పుడే సాస్ ప్రతి ముక్కకూ పడుతుంది. గంజిలో ఉప్పుంటుంది కాబట్టి రుచి చూశాకే మళ్లీ ఉప్పు వేయండి.