ఫోన్ కొనేముందు మన కొండని అడగండి



కాఫీ డబ్బులో, చింతపండు డబ్బులో, తునికాకు కూలో చేతికి రాగానే మన పిల్లలు ముందుగా కొనేది ఫోనే. కొనండి. మనకి ఫోన్ ఎందుకని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్ల మాట వినొద్దు. నేను అడిగేది వేరే. ఆ ఫోన్ ఎవరి బతుకు చూసి తయారు చేశారో ఒక్కసారి ఆలోచించారా? యాడ్‌లో కనిపించే కుర్రాడి పక్కనే ప్లగ్గు ఉంటుంది, నెత్తి మీద టవర్ ఉంటుంది, ఫోన్ కింద పడితే వీధి చివరే రిపేర్ కొట్టు ఉంటుంది. మనకి ఈ మూడూ లేవు. అందుకని మన ఫోన్ మనం వేరే లెక్కతో కొనాలి.

మన గూడేల్లో ఫోన్ ఏం పని చేస్తోందో చూడండి. కాన్పు నొప్పులొచ్చిన ఆడకూతుర్ని డోలీలో మోసుకుని దిగుతుంటే, సిగ్నల్ దొరికే మలుపు దగ్గర 108కి చేసేది ఈ ఫోన్‌తోనే. ఉపాధి పనిలో 2023 జనవరి 1 నుంచి యాప్ హాజరు తప్పనిసరి చేశారు, రోజుకి రెండుసార్లు కూలీల ఫోటో తీయాలన్నారు. రెండో ఫోటో టైముకి మేట్ చేతిలో ఫోన్ చచ్చిపోతే ఆ గుంపు మొత్తం కూలి చిక్కులో పడుతుంది. బ్యాంకు ఓటీపీ, స్కాలర్‌షిప్ మెసేజ్, పోడు భూమి ఫోటో, అన్నీ అందులోనే. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చినప్పుడు చింతూరు, కూనవరం, వీఆర్ పురం వైపు రోజుల తరబడి కరెంటు లేని ఊళ్లున్నాయి. అలాంటప్పుడు 200 మెగాపిక్సెల్ కెమెరా ఎవరికి కావాలి? రెండో రోజు కూడా మోగే ఫోన్ కావాలి.

మొదట బ్యాటరీ

డబ్బా మీద ఎంఏహెచ్ అని ఒక అంకె ఉంటుంది. ఈ రోజుల్లో 5,000 మామూలు. మనకి 6,000, కుదిరితే అంతకన్నా ఎక్కువ చూడండి. కానీ అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. టవర్ దూరంగా ఉన్నచోట ఫోన్ ఎక్కువ బ్యాటరీ తాగుతుంది. ఈ కొండ మీద నుంచి ఆ కొండ మీది మనిషిని పిలవాలంటే మనం గొంతు చించుకోవాలి కదా, ఫోన్ పరిస్థితీ అదే. సిగ్నల్ సరిగ్గా లేకపోతే అది పవర్ పెంచి అరుస్తూనే ఉంటుంది, టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. అందుకే పట్నంలో రెండు రోజులు వచ్చిన ఫోన్ మన దగ్గర సాయంత్రానికే పడుకుంటుంది. సిగ్నల్ లేని చోటికి వెళ్లేటప్పుడు ఏరోప్లేన్ మోడ్ వేయండి. ఇది పైసా ఖర్చులేని పొదుపు.

స్క్రీన్ కూడా చూడండి. తక్కువ రెజల్యూషన్ స్క్రీన్, అంటే 720పీ రకం, తక్కువ కరెంటు తింటుంది. సినిమా చూడ్డానికి కాస్త తగ్గుతుందేమో గానీ మన పనికి లోటు లేదు. అయితే ఎండలో అక్షరాలు కనపడాలి. కొట్టు లోపల ట్యూబ్‌లైట్ కింద ఏ ఫోనైనా మెరుస్తుంది. బయట ఎండలోకి తెచ్చి చూసి, అప్పుడు బేరం చేయండి.

ఫాస్ట్ ఛార్జింగ్ మనకి విలాసం కాదు. కరెంటు వచ్చి పోయే ఊళ్లో ఆ ఒక్క గంటలో ఎంత ఎక్కించగలమన్నదే లెక్క. డబ్బాలో ఛార్జర్ ఉందా, విడిగా కొనాలా అని అడగండి. చాలా కంపెనీలు ఛార్జర్ ఇవ్వడం మానేశాయి, ఆ ఖర్చు కూడా కలుపుకోండి.

పవర్ బ్యాంక్ మీద 10,000 అని రాసి ఉంటే ఫోన్‌కి చేరేది సుమారు 6,000 మాత్రమే, మిగతాది మార్పిడిలో పోతుంది. బీఐఎస్ గుర్తు లేనిది సంతలో ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. సోలార్ పలక కొనాలనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. 6,000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండడానికి సుమారు 23 వాట్-అవర్లు కావాలి. 10 వాట్ల పలక మంచి ఎండలో 6, 7 వాట్లు ఇస్తే గొప్ప. అంటే నాలుగు గంటల ఎండ. వానాకాలంలో దాన్ని నమ్ముకోలేం. పగలు పలకతో పవర్ బ్యాంక్ నింపుకుని, రాత్రి దాన్నుంచి ఫోన్‌కి ఎక్కించండి. ఫోన్‌ని మాత్రం ఎండలో పెట్టొద్దు, వేడి బ్యాటరీ ప్రాణం తీస్తుంది. లంబసింగి లాంటి చోట చలికాలం తెల్లవారుజామున ఛార్జింగ్ గబగబా తగ్గిపోతే భయపడకండి, చలికి బ్యాటరీ అలాగే చేస్తుంది. లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకోండి.

గట్టి ఫోన్ అంటే ఏంటి?

ఐపీ అని రాసి పక్కన రెండంకెలు వేస్తారు. మొదటిది దుమ్ముకి, రెండోది నీటికి. ఐపీ64 అంటే దుమ్ము లోపలికి పోదు, నీళ్లు చిందినా ఫర్వాలేదు. ఐపీ67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకోవాలి. ఐపీ68 అంటే అంతకన్నా ఎక్కువ, ఎంతన్నది కంపెనీ చెప్పాలి. ఎర్రమట్టి దారి, జూన్ నుంచి ఆగని వాన, వాగు దాటడం, ఇవి మన రోజువారీ బతుకు. కాబట్టి కనీసం ఐపీ64 చూసుకోండి. ఒక మెలిక ఉంది, ఇన్ని అంకెలు వేసిన కంపెనీలే నీళ్లు పోయి పాడైతే చాలావరకు వారంటీ ఇవ్వవు. ఆ అంకెని ఆపదలో అండగా చూడండి, ఫోన్ని వాగులో కడగడానికి లైసెన్సులా చూడొద్దు.

మిలిటరీ గ్రేడ్ అని ఇంకో మాట వినపడుతుంది. ఎంఐఎల్-ఎస్‌టీడీ-810హెచ్ అనేది అమెరికా రక్షణ శాఖ రాసుకున్న పరీక్షల పుస్తకం. అందులో చాలా పరీక్షలున్నాయి. కంపెనీ వాటిలో కొన్నే ఏరుకుని చేయొచ్చు, వాటిని చేసి ముద్ర వేసే ప్రభుత్వ సంస్థ అంటూ లేదు. ఏ పరీక్షలు చేశారో చెప్పారా అని చూడండి. ఎంత ఎత్తు నుంచి పడేశారో కూడా చెప్పకపోతే అది పేరుకే.

ధర సంగతి. శాంసంగ్ ఎక్స్‌కవర్7 అని 2024లో మన దేశంలో వచ్చింది. నిజంగా గట్టి ఫోన్, బ్యాటరీ ఊడదీసి మార్చుకోవచ్చు. కానీ ధర 27 వేలు దాటింది, బ్యాటరీ 4,050 మాత్రమే. 2025లో వచ్చిన మోటో జీ86 పవర్, ఒప్పో ఏ5 ప్రో లాంటివి 18 వేల లోపే నీళ్లనీ దుమ్మునీ తట్టుకునే రేటింగు, పెద్ద బ్యాటరీ రెండూ ఇచ్చాయి. ఫలానాదే కొనండని నేను చెప్పను, ఆరు నెలలకోసారి మోడళ్లు మారిపోతాయి. డబ్బా చదవడం వస్తే చాలు. 10 వేలే ఉన్నాయా? 5,000 దాటిన బ్యాటరీ, ఐపీ64 ఉన్నది వెతకండి. మూలలు పైకి లేచిన మందం రబ్బరు కవర్, గాజు పలక, జిప్పున్న ప్లాస్టిక్ సంచి వేయించండి. సగం గట్టిదనం వాటితోనే వస్తుంది.

ఆన్‌లైన్లో ఇటుకలాంటి రగ్గడ్ ఫోన్లు కూడా దొరుకుతాయి. చూడ్డానికి బాగుంటాయి. స్క్రీన్ పోతే ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కోండి. పాడేరు వాళ్లు నర్సీపట్నమో విశాఖో పోవాలి, చింతూరు వాళ్లు భద్రాచలం, ఉట్నూరు వాళ్లు ఆదిలాబాద్. ఆ ఊళ్లో ఏ బ్రాండ్ స్క్రీన్, బ్యాటరీ దొరుకుతాయో ఆ బ్రాండే మన బ్రాండ్.

సిగ్నల్ చూసి కొనండి

ముందు మీ ఊళ్లో ఏ సిమ్ పలుకుతోందో చూడండి, తర్వాతే ఫోన్. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు కొండలూ చెట్లూ దాటి ఎక్కువ దూరం వస్తాయి. బీఎస్ఎన్ఎల్ 4జీకి 700 మెగాహెర్ట్జ్ అంటే బ్యాండ్ 28, జియోకి 850 అంటే బ్యాండ్ 5, ఎయిర్‌టెల్‌కి 900 అంటే బ్యాండ్ 8. మీ సిమ్‌కి తగ్గ అంకె ఫోన్ వివరాల్లో ఉందో లేదో చూడండి. 5జీ రాని ఊళ్లో 5జీ కోసం రెండు వేలు ఎక్కువ పెట్టేకన్నా ఆ డబ్బు బ్యాటరీకి పెట్టడం మేలు.

పోడు హక్కుకి ఇదే కెమెరా

అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్ పెట్టాలంటే 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి ఆ భూమి మన సాగులో ఉందని చూపాలి. నిబంధనల్లో 13వ రూల్ రకరకాల సాక్ష్యాలు ఒప్పుకుంటుంది. గట్లు, ఇళ్లు, బావులు, శ్మశానాలు, దేవుడి స్థలాలు, పెద్దల వాంగ్మూలం రాతలో. ఉపగ్రహ చిత్రం లాంటి టెక్నాలజీని మిగతా సాక్ష్యాలకి తోడుగానే వాడాలి, వాటి బదులుగా కాదని 2012 సవరణ చెప్పింది. కాబట్టి పాత గట్టు ఫోటో, పాత బావి ఫోటో మన చేతిలో ఉండడం చిన్న విషయం కాదు.

కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆన్ చేయండి. జీపీఎస్‌కి సిగ్నల్, డేటా అక్కర్లేదు, ఉపగ్రహం నుంచి నేరుగా వస్తుంది. మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టొచ్చు, ఆకాశం కనపడే చోట నిలబడండి. ఆ ఫోటోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే లొకేషన్ ఊడిపోతుంది, సైజూ తగ్గిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు ఫోటో మెమరీ కార్డులో దాచండి. కార్డు పెట్టుకునే చోటున్న ఫోన్ కొనమనేది అందుకే.

డబ్బు దగ్గర జాగ్రత్త

ఈఎంఐ నెలనెలా అడుగుతుంది. మన డబ్బు నెలనెలా రాదు, కాఫీ, చింతపండు, తునికాకు, దేని కాలం దానిదే. మధ్యలో కిస్తీ తప్పితే ఫోన్ లాక్ అయ్యేలా ముందే యాప్ వేసి ఇచ్చే అప్పులు కూడా ఉన్నాయి. సరిగ్గా 108కి చేయాల్సిన రోజున ఫోన్ లాక్ అయితే? అందుకని రెండు వేలు తక్కువదైనా సరే, పంట డబ్బుతో రొక్కానికే కొనండి.

పాత ఫోన్ కొంటే *#06# నొక్కండి, 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కి మెసేజ్ పంపండి. దొంగ ఫోనో కాదో తెలుస్తుంది.

ఇంకో మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, అది కొడుకు జేబులో హైదరాబాదో విశాఖో పోతే, ఆధార్‌కి కలిపిన నంబరూ దానితోనే పోతుంది. ఇక్కడ అమ్మకి డబ్బు తీయాలన్నా, పథకానికి పేరు రాయాలన్నా ఓటీపీ అక్కడికి వెళ్తుంది. అందుకే నా మాట ఏంటంటే, స్మార్ట్‌ఫోన్ మీద కొంచెం తగ్గించుకుని ఒక 4జీ కీప్యాడ్ ఫోన్ కూడా కొనండి. ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి వస్తుంది. ఆధార్ నంబరు సిమ్ అందులో వేసి అమ్మ దగ్గర ఉంచండి. 90 రోజులు వాడకపోతే నంబరు పోయే ప్రమాదం ఉంది, రీఛార్జ్ మర్చిపోవద్దు.

"మనకి మాత్రం చవక ఫోనా?"

ఈ ప్రశ్న కుర్రాళ్లు అడుగుతారు. పట్నం పిల్లలు మంచి ఫోన్లు వాడుతుంటే మనం ఎందుకు తగ్గాలి అని. ఆ మాటలో రోషం ఉంది, అది ఉండాల్సిందే. కానీ మధ్యాహ్నం మూడింటికి ఆగిపోయే 30 వేల ఫోన్ మనకి గౌరవం తేదు, రెండు రోజులు నిలబడే 12 వేల ఫోన్ తెస్తుంది. రోషం చూపించాల్సిన చోటు ఇంకొకటుంది. హాజరు నుంచి బియ్యం దాకా అన్నీ యాప్‌లో పెట్టినవాళ్లు, ఆ యాప్ నడిచే టవర్ మాత్రం మన కొండకి వేయలేదు. సిగ్నల్ లేని 24,680 ఊళ్లకి 4జీ ఇస్తామని 2022 జులైలో కేంద్ర క్యాబినెట్ 26,316 కోట్లు మంజూరు చేసింది. ఆ జాబితాలో మీ ఊరుందా? టవర్ వేస్తే కరెంటు పోయినప్పుడు నడవడానికి దానికి బ్యాటరీ పెట్టారా? గ్రామసభలో అడగండి, తీర్మానం రాయించండి, సమాధానం రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఫోన్ లేదని, సిగ్నల్ లేదని ఎవరికైనా కూలీ బియ్యమూ ఆపితే అది ఆ మనిషి తప్పు కాదని గట్టిగా చెప్పండి.

ఫోన్ ఖర్చు మనం పెట్టుకుంటున్నాం. దాని బ్యాటరీ పెద్దదై ఉండేలా చూసుకోవడం మన పని. దానికి టవర్ అందేలా చూడడం ప్రభుత్వం పని. మన పని మనం చేద్దాం, వాళ్ల పని వాళ్లచేత చేయిద్దాం.