దాస్యమునకు వెల యిచ్చిన దెవరు?

మన విద్యావంతుల గృహములలో నొక మాట నేటికిని వినబడుచున్నది: "పరపాలన తప్పని దైనప్పుడు ఇంగ్లీషువారు వచ్చుటయే మన యదృష్టము. ఫ్రెంచివారో డచ్చివారో యైనచో మన గతి యేమయ్యెడిదో! వీరు రైళ్లు వేసిరి, బడులు పెట్టిరి." ఇట్లు పలుకువారు తాము దేశచరిత్రలను సరిపోల్చి చూచితిమని తలంతురు. వారు తూచినది దొరల గుణములను మాత్రమే. ఏ దొర కొరడా మెత్తనిదని విచారించుట దాసుని యలవాటు. ఆ కొరడా కొన్న సొమ్మెవరిదని విచారించుట స్వతంత్రుని ధర్మము. బడిలో పిల్లలకు చరిత్ర చెప్పువారము గనుక, ఈ రెండవ ప్రశ్ననే మేము పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ముందుగా ఫ్రెంచివారి లెక్క చూతము. కరిబియను సముద్రమందలి హైతీ ద్వీపమున బానిసలు తిరుగబడి, ఫ్రెంచి సేనల నోడించి, 1804లో స్వతంత్రులైరి. 1825లో ఫ్రాన్సు రాజగు పదవ చార్లెసు యుద్ధనౌకలను బంపి, తన ప్రజలు పోగొట్టుకొనిన యాస్తికి పరిహారముగా 15 కోట్ల ఫ్రాంకు లిమ్మనెను. ఆ యాస్తిలో హైతీయుల దేహములును జేరియుండెను! 1838లో మొత్తమును 9 కోట్లకు దగ్గించిరి. దానిని దీర్చుటకై హైతీ పారిసునగరముననే యప్పు చేయవలసి వచ్చెను. ఆ యప్పుల తోక తెగినది 1947లో. అనగా మనకు స్వాతంత్ర్యము వచ్చిన యేట. బడులకును బాటలకును బోవలసిన ధనము తరతరములు వడ్డీక్రింద బోయెను. 2025లో ఫ్రాన్సు ఈ విషయమును విచారించుటకు ఉభయదేశముల చరిత్రకారుల సంఘము నేర్పఱతుమని ప్రకటించినది; సొమ్ము తిరిగి యిత్తుమని మాత్రము పలుకలేదు.

డచ్చివారి తీరు వేఱా? 1949లో హేగునగరపు సమావేశమున ఇండోనీషియా స్వాతంత్ర్యమును గుర్తించుచు, తమ వలస ప్రభుత్వపు ఋణములో దాదాపు 430 కోట్ల గిల్డర్లను ఆ క్రొత్త రాజ్యము నెత్తిన బెట్టిరి. తమ్ము నణచుటకు జేసిన యుద్ధపు ఖర్చును దామే భరింపవలెనా యని ఇండోనీషియనులు మొఱపెట్టిరి. తుదకు 1956లో మిగిలిన బాకీని ద్రోసివైచిరి.

ఇక మన "మంచి దొరలు". ఈస్టిండియా కంపెనీ వాటాదారులకు ఏటేట నూటికి 10½ చొప్పున లాభపు వంతు హిందూదేశపు రాబడినుండి చెల్లింపవలెనని 1833నాటి చట్టము విధించెను. 1858లో కంపెనీ పాలన పోయెను, వంతు పోలేదు, 1874 వఱకు సాగెను. 1857నాటి తిరుగుబాటు నణచిన వ్యయమును మన బొక్కసముమీదనే పడెను. రైళ్ల మాట యేమందురా? పెట్టుబడి పెట్టిన ఇంగ్లీషు కంపెనీలకు నూటికి 5 చొప్పున పూచీ యిచ్చిరి. రాబడి తక్కువపడినప్పుడు రైతు శిస్తు చేరిన ఖజానానుండియే పూరించిరి. ఇట్టి రైలును కానుక యందుమా? అది మనము వెల పెట్టి కొన్న వస్తువు; ధరను మాత్రము అమ్మినవాడే నిర్ణయించెను.

దొరలు మువ్వురు, భాషలు మూడు, లెక్కపుస్తక మొక్కటియే. జయించుటకైన ఖర్చు, అణచుటకైన ఖర్చు, విడిచిపోవుటకైన ఖర్చు, సర్వమును జితుల పద్దులోనే వ్రాయబడినది.

"మన దోషములను గప్పిపుచ్చుటకే యీ వాదము" అని కొంద రాక్షేపింతురు. అట్లు గాదు. అంటరానితనమును, స్త్రీలకు విద్య నిరాకరించుటయు మన ఋణములు. వానిని ఏ దొర పద్దునను వ్రాయజాలము, మనమే తీర్చవలెను. తన బాకీని దాచువాడు పరుల బాకీ నడుగుట కర్హుడు గాడు. తన బాకీని దీర్చుచున్నవాడు, పరులు వ్రాసిన దొంగ పద్దునకు దల యొగ్గనక్కఱలేదు.

కావున రేపు మన బిడ్డలు "దొరలు మనకేమి యిచ్చిరి?" అని యడిగినచో, వస్తువుల పట్టిక చదివి యూరకుండకుడు. ప్రక్కనే వెలల పట్టికను గూడ దెఱచి చూపుడు.