పట్టుకో... వదిలెయ్!

గంటలకొద్దీ గట్టు మీద నిలబడాలి. ఎలాగో ఓ చేప పడుతుంది. దాంతో ఒక ఫొటో దిగాలి. ఆ తర్వాత? మళ్లీ నీళ్లలోకే వదిలెయ్యాలి! 'ఇదేం సరదా నాయనా, ఇంటికి తెస్తే పులుసైనా పెట్టుకునేవాళ్లం కదా' అంటారు మనవాళ్లు. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్లిన పెద్దవాళ్లు చాలామంది అనే మాటే ఇది. శనివారం తెల్లారకముందే అల్లుడుగారు కారు డిక్కీలో రెండు గాలం కర్రలూ ఓ ప్లాస్టిక్ పెట్టే సర్దుకుని బయల్దేరతారు. ఇంట్లో తోచక మామగారూ వెంట వెళ్తారు. నాలుగు శనివారాలు గడిచేసరికి ఆ పెట్టె మామగారి చేతిలో ఉంటుంది!

ఆ పెట్టెలో ఏం ఉండాలి, కొన్నవాటిని ఎలా కాపాడుకోవాలి, పట్టిన చేపను బతికుండగా ఎలా వదలాలి... ఈ వారం కబుర్లు అవే.

ముందుగా చేప సంగతి. మన హోటళ్ల మెనూలో కనిపించే సీ బాస్ వేరు, అది మన పండుగప్ప. గోదావరి జిల్లాలవాళ్లకు దాన్ని పరిచయం చెయ్యక్కర్లేదు. అమెరికన్లు ప్రాణం పెట్టే లార్జ్‌మౌత్ బాస్ మంచినీటి చేప. పేరులో బాస్ ఉన్నా పుట్టుక సన్‌ఫిష్ అనే కుటుంబంలో. ఆకుపచ్చటి ఒళ్లు, పక్కన నల్లటి చార, కంటి వెనకదాకా సాగిన దవడ. నాచు చాటునో మునిగిన దుంగ పక్కనో నక్కి ఉండి, దగ్గరికొచ్చిన చేపపిల్లనో కప్పనో గుటుక్కున మింగుతుంది. స్వభావంలో అచ్చం మన కొర్రమీనే. కప్పను గుచ్చి కొర్రమీనుకు గాలం వేసిన తాతలున్న ఇంటివాళ్లకు బాస్ వేట కొత్తేమీ కాదు. ఇక్కడ నిజం కప్ప, అక్కడ రబ్బరు కప్ప!

ఈ చేప మీద వాళ్లకున్న మోజు ఈనాటిది కాదు. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ అనే 20 ఏళ్ల రైతు కుర్రాడికి 22 పౌండ్ల 4 ఔన్సుల బాస్ పడింది. అంటే పది కిలోల పైమాటే. ఆర్థిక మాంద్యం రోజులవి. తూకం వేయించి రాయించుకున్నాక ఇంటిల్లిపాదీ దాన్ని వండుకుని తినేశారు. ప్రపంచ రికార్డు అలా కడుపులోకి వెళ్లిపోయింది. మళ్లీ 77 ఏళ్లకు, 2009 జులై 2న జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటాకు దానికంటే ఔన్సు తేడాతో పెద్దది దొరికింది. అయితే పాత రికార్డును చెరిపెయ్యాలంటే కనీసం రెండు ఔన్సులు ఎక్కువుండాలన్నది నిబంధన. అందుకని ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి. పెర్రీ దగ్గర ఆరోజు ఉన్నది ఒకే ఒక్క ఉత్తుత్తి ఎర అని చెబుతారు. దుకాణంలోకి అడుగుపెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకుంటే జేబుకు మంచిది. అక్కడి దుకాణాల్లో రంగురంగుల ఎరలను చూస్తే చీరల కొట్లో కూర్చున్నట్టే ఉంటుంది మరి!

కర్ర కొనేటప్పుడు...

పిడికి కాస్త పైన కర్ర మీద చిన్న అక్షరాలతో నాలుగు సంగతులు రాసి ఉంటాయి. కర్ర పొడవు, పవర్, ఎన్ని పౌండ్ల దారం వాడాలి, ఎంత బరువు ఎర కట్టాలి. చాలామంది ఇవి చదవరు. పవర్ అంటే కర్ర బలం. లైట్, మీడియం, హెవీ అని ఉంటుంది. యాక్షన్ అని ఇంకోటి రాస్తారు. కర్ర ఎక్కడ వంగుతుందో చెప్పేది అది. ఫాస్ట్ అంటే కొస మాత్రమే వంగుతుంది, మోడరేట్ అంటే నడిమిదాకా వంగుతుంది. కొత్తవాళ్లకు ఆరున్నర, ఏడడుగుల మీడియం పవర్, ఫాస్ట్ యాక్షన్ కర్ర ఒక్కటి చాలు.

ఫైబర్‌గ్లాస్ కర్ర బరువు, కానీ మొండిది. పిల్లల చేతికి అదే ఇవ్వాలి. గ్రాఫైట్‌ది తేలిక, చేప ఎరను ముట్టుకుంటే చాలు చేతికి తెలుస్తుంది. కానీ కారు తలుపులో పడితే పుటుక్కుమంటుంది. చేపను ఒడ్డుకు లాగేటప్పుడు కర్రను నిటారుగా పైకెత్తినా అంతే. అన్నిటికంటే ముఖ్యం... గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది. ఉరుము వినిపించిందా, కర్ర కింద పెట్టి కారెక్కెయ్యాలి. కరెంటు తీగల కింద ఎర విసరకూడదు. ఈ ఒక్క విషయంలో మొహమాటాలు వద్దు.

ఇక రీళ్లు మూడు రకాలు. మీట నొక్కి విసిరే మూత రీలు పిల్లలకు. దీని వెనక తమాషా కథ ఉంది. ఓక్లహామాలోని టల్సాలో జీరో అవర్ బాంబ్ కంపెనీ అని ఒకటుండేది. చమురు బావులు తవ్వేవాళ్లకు టైం బాంబులు చేసి అమ్మేది. 1949లో ఆ కంపెనీ రీళ్ల తయారీ మొదలుపెట్టింది. కంపెనీ పేరులోని మొదటి అక్షరాలు కలిపితే వచ్చినదే జెబ్కో అనే పేరు. బాంబులు పోయాయి, రీళ్లు మిగిలాయి.

రెండోది కర్ర కింద వేలాడే స్పిన్నింగ్ రీలు. మూడోది కర్ర మీద కూర్చునే బెయిట్‌కాస్టర్. సినిమాల్లో, టీవీ పోటీల్లో కనిపించేది ఈ మూడోదే. చూడ్డానికి దర్జాగా ఉంటుంది కానీ ఎర విసిరాక బొటనవేలితో చుట్టను అదుపు చెయ్యకపోతే దారమంతా పిచ్చుక గూడైపోతుంది. సంక్రాంతికి చరఖా పట్టుకున్న పిల్లాడు పతంగి తెగిన కంగారులో మాంజాను చిక్కుపెట్టుకోవడం చూశారా? అచ్చం అదే. నన్నడిగితే మొదటి ఏడాది స్పిన్నింగ్ రీలే మేలు. బెయిట్‌కాస్టర్ కోరిక తీరకపోతే ముందు పెరట్లో కొక్కెం లేని బరువు కట్టి సాధన చెయ్యండి.

దారంలోనూ మూడు రకాలే. మామూలు నైలాన్ చవక, సాగుతుంది, ముడి బాగా నిలుస్తుంది. ఎండకు మాత్రం పాడవుతుంది. ఫ్లోరోకార్బన్ నీళ్లలో త్వరగా మునుగుతుంది, చేప కంటికి అంతగా ఆనదు. రాళ్లకు రాసుకున్నా తట్టుకుంటుంది. పోగులతో పేనిన బ్రెయిడ్ సన్నగా ఉంటుంది, చాలా గట్టిది, సాగదు. అందుకే నాచు దట్టంగా ఉన్నచోట దాన్ని వాడతారు. మామూలు సరదాకి 8 నుంచి 12 పౌండ్ల నైలాన్ సరిపోతుంది. ముడి బిగించేముందు తడి చేసుకోవాలి. పొడిగా లాగితే ఆ రాపిడి వేడికే దారం బలహీనపడుతుంది. పెద్ద చేప తప్పించుకుపోయిందని చెప్పే కథల్లో సగం ఈ ముడి దగ్గర తెగినవే అయ్యుంటాయని నా అనుమానం.

రబ్బరు వానపాము

కొక్కేల నంబర్లు కాస్త తికమక పెడతాయి. 10వ నంబరు కంటే 4 పెద్దది, 4 కంటే 1 పెద్దది. అది దాటాక లెక్క తిరగబడుతుంది. 1/0 కంటే 3/0 పెద్దది. బాస్ కోసం మెత్తటి ప్లాస్టిక్ వానపాముకు 3/0 దగ్గర్లోది సరిపోతుంది.

ఈ ప్లాస్టిక్ వానపాము పుట్టిందీ 1949లోనే. ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో నిక్ క్రీమ్ దంపతులు ఇంట్లోనే ప్లాస్టిక్ కరిగించి అచ్చులు పోసి తయారుచేశారు. ఇవాళ్టికీ కొత్తవాళ్లకు దీన్ని మించిన ఎర లేదు. దారానికి ముందు తూటా ఆకారపు బరువు, దాని వెనక కొక్కెం. కొక్కెం మొనను వానపాము ఒంట్లోనే దాచేస్తారు. దీన్ని టెక్సాస్ రిగ్ అంటారు. మొన బయటికి లేదు కాబట్టి నాచుకీ కొమ్మలకీ పట్టుకోదు. విసిరి, అడుగుకు చేరనిచ్చి, కర్ర కొసను కాస్త ఎత్తి, మళ్లీ దించి... అంతే. తొందరపడేవాళ్లకు ఇది పడదు. వేసవిలో తెల్లవారుజామున, సాయంత్రం నీడలు సాగాక గట్టు పక్కనే పడతాయి. మిట్టమధ్యాహ్నం ఇంట్లో నిద్రపోవడం ఉత్తమం.

సీసపు గుళ్లను పళ్లతో నొక్కి బిగించే అలవాటు కొందరికి ఉంటుంది. వద్దు, సీసం విషం. పిల్లల చేతికి అసలే ఇవ్వకూడదు. నీళ్లలో పడిన సీసపు గుళ్లను మింగి నీటి పక్షులు చనిపోతున్నాయని న్యూ హాంప్‌షైర్, మెయిన్ లాంటి రాష్ట్రాలు చిన్న గుళ్లను నిషేధించాయి. టంగ్‌స్టన్‌వి కాస్త ఖరీదైనా అవే నయం.

ఇంటికొచ్చాక పావుగంట

ఖరీదైన రీలు కొని తడితోనే గరాజ్‌లో పడేసేవాళ్లున్నారు. అలా చేస్తే రెండేళ్లు కూడా రాదు. చేపలవేట నుంచి రాగానే తడిగుడ్డతో, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. గొట్టంతో నీళ్లు కొట్టకూడదు, బురద లోపలికి పోతుంది. రీలుకు డ్రాగ్ అని ఒక బ్రేకు ఉంటుంది. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా కొద్దికొద్దిగా వదిలేది అదే. దారం బలంలో నాలుగో వంతుకు బిగిస్తే చాలు. పది పౌండ్ల దారమైతే రెండున్నర పౌండ్లు. వేలాడే కాటాతో లాగి చూసుకోవచ్చు. ఇంటికొచ్చాక ఆ బ్రేకు వదులు చేసి ఉంచాలి, లేకపోతే లోపలి బిళ్లలు అణిగిపోతాయి. తిరిగే బేరింగులకు ఒక చుక్క నూనె, పళ్లచక్రాలకు గ్రీజు. కొబ్బరినూనె, వంటనూనె పనికిరావు!

కర్ర మీద ఉండే రింగుల్లోంచి చిన్న దూది ఉండను తిప్పి చూడండి. ఎక్కడన్నా పోగు పట్టుకుంటే ఆ రింగు లోపల గీత పడిందన్నమాట. ఆ గీతే దారాన్ని కోసేస్తుంది. కొక్కెం మొనను బొటనవేలి గోరు మీద మెల్లగా లాగండి. గీత పడితే పదునున్నట్టు, జారిపోతే ఆకురాయి పెట్టాల్సిందే. నైలాన్ దారాన్ని ఏడాదికోసారైనా మార్చాలి. తీసేసిన దారాన్ని గట్టు మీద పడేస్తే పక్షుల కాళ్లకు ఉరి అవుతుంది. ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలో వెయ్యాలి.

రబ్బరు ఎరలను గట్టి ప్లాస్టిక్ ఎరలతో కలిపి ఒకే అరలో పెడితే రెండూ కరిగి అతుక్కుపోతాయి. వాటి సంచుల్లోనే వాటిని ఉంచాలి. దోమల మందు రాసుకున్న చేతులతోనూ ముట్టుకోకూడదు. అందులో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది.

వదలడమూ ఓ విద్యే

చేపను వదిలేస్తే బతికిపోయినట్టేనని అనుకుంటాం. అక్కడే పొరపాటు. వదిలిన తర్వాత చచ్చేవీ ఉంటాయి, మనకు కనిపించవంతే. చేప ఒంటి మీది జిగురు దానికి రక్షణ కవచం. పొడిచేతులతో పట్టుకుంటే ఆ జిగురు ఊడిపోయి రోగాలొస్తాయి. చేతులు తడుపుకుని, కింది దవడను బొటనవేలితో పట్టుకోవాలి. పెద్ద చేపైతే రెండో చెయ్యి పొట్ట కింద ఉండాల్సిందే. దవడ పట్టుకుని అడ్డంగా వేలాడదీస్తే ఆ బరువుకు దవడ దెబ్బతింటుంది. ఫొటో తీసేటప్పుడు మీరూ ఊపిరి బిగపట్టండి. మీకు ఎప్పుడు ఆయాసం వస్తే అప్పుడు చేపకూ వచ్చినట్టే! కొక్కెం మొన వెనకుండే చిన్న ముల్లును ముందే పట్టకారుతో అణిచేస్తే తియ్యడం తేలిక. చేప కొక్కేన్ని బాగా లోపలికి మింగేసిందా? పీకవద్దు. దారాన్ని దగ్గరగా కత్తిరించి వదిలెయ్యడమే నయం. మండుటెండల్లో నీళ్లు వేడెక్కినప్పుడు చేప త్వరగా అలిసిపోతుంది. అప్పుడు ఇంకా తొందరగా వదలాలి.

ఈ వదిలే పద్ధతిని పోటీల్లోకి తెచ్చింది రే స్కాట్. అలబామాకు చెందిన ఇన్సూరెన్స్ ఏజెంటు. 1967లో ఆర్కన్సాలోని బీవర్ లేక్‌లో తొలి బాస్ పోటీ పెట్టాడు. 1971 నాటి మొదటి బాస్‌మాస్టర్ క్లాసిక్ విజేతకు ఇచ్చింది 10 వేల డాలర్లు. ఇప్పుడది 3 లక్షలు! పోటీలు పెరిగితే చేపలు మిగలవన్న భయంతో 1972 నుంచి బతికున్న చేపను తూచి వదిలే ఏర్పాటు తెచ్చాడు. టెక్సాస్ ప్రభుత్వం ఇంకో అడుగు ముందుకేసింది. 13 పౌండ్లు దాటిన బాస్‌ను పట్టినవాళ్లు గుడ్ల కోసం ప్రభుత్వ హేచరీకి అప్పుగా ఇచ్చే పథకాన్ని 1986లో పెట్టింది. 1992 జనవరిలో లేక్ ఫోర్క్‌లో పడిన 18.18 పౌండ్ల చేప ఆ రాష్ట్రం రికార్డు. డాలస్‌కు తూర్పున ఉన్న ఆ జలాశయంలో 16 నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ను ఇంటికి తీసుకెళ్లడం నేరం. చిన్నదాన్ని తీసుకోవచ్చు, మధ్యరకాన్ని ముట్టుకోకూడదు. గుడ్లుపెట్టే వయసు తల్లులు అందులోనే ఉంటాయి మరి.

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది లైసెన్సు దగ్గర. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లు చెరువులో గాలం వెయ్యాలంటే లైసెన్సు ఉండాల్సిందే. చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లకూ మినహాయింపు లేదు. 'మా అల్లుడికి ఉందిగా, నేనొక్కసారి విసిరి చూస్తున్నా' అంటే వార్డెన్ వినడు. ఒక్కరోజుకు ఇచ్చే లైసెన్సు కూడా ఉంది. అదీ వద్దనుకుంటే అక్కడి స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి లైసెన్సు లేకుండా పట్టొచ్చు. కొలతల నిబంధనలు మాత్రం అక్కడా వర్తిస్తాయి. ఇవి ఒక్కో రాష్ట్రానికీ ఒక్కోలా ఉంటాయి, వెళ్లేముందు చూసుకోవాలి.

'ఇంత మంచి చేపను మన చెరువుల్లో ఎందుకు పెంచకూడదు?' అని అడిగేవాళ్లున్నారు. జపాన్‌ను అడగాలి ఆ సంగతి. 1925లో అషి సరస్సులో సరదాగా వదిలిన బాస్ దేశమంతా పాకి, అక్కడి సొంత చేపలను మింగేసింది. చివరికి 2005లో దాన్ని బతికుండగా తరలించడాన్నీ కొత్తచోట వదలడాన్నీ చట్టంతో ఆపేశారు. కురిటా రికార్డు చేప పట్టిన బివా సరస్సులోనైతే పట్టిన బాస్‌ను తిరిగి నీళ్లలో వదలడమే తప్పు! టెక్సాస్‌లో వదలకపోతే తప్పు, అక్కడ వదిలితే తప్పు.

కాబట్టి అమెరికా నుంచి తెచ్చుకోదగ్గది రబ్బరు కప్పే. మన కొర్రమీనూ దానికి ఎగబడుతుంది. తొలకరి తర్వాత పిల్లల గుంపును కాస్తూ తిరిగే కొర్రమీను జత ఎదురైతే మాత్రం గాలం వెనక్కి తీసుకోండి. అవి పోతే ఆ పిల్లలన్నీ మిగతా చేపలకు ఆహారమే. కప్పకు ఉండే జంట కొక్కేలు పెద్దవి, పదునైనవి. విమానంలో చేతిసంచిలో పెట్టుకుంటే తనిఖీ దగ్గర ఆపేస్తారు, చెక్-ఇన్ సామానులో గుడ్డచుట్టి సర్దుకోండి.