సమతూకం ఎవరికోసం?

డబ్బు పందెం కాసి ఆన్‌లైన్‌లో ఆడే పోకర్ పేకాటను గురించి మన చదువుకున్న మిత్రులు కొందరు ఒక విచిత్రమైన వాదం లేవదీస్తున్నారు. ఆరితేరిన ఆటగాళ్ల ప్రయోజనాలకూ, సరదాకు ఆడేవారి ప్రయోజనాలకూ సమతూకం కుదిరిస్తే చాలునట. జూదం కాస్తా న్యాయమైన పోటీ అయిపోతుందట. ఈ వాదం అభ్యుదయ భాష తొడుక్కుని వస్తున్నది గనక పరీక్షించక తప్పదు.

మొదట లెక్క చూద్దాం. ఆరుగురు తలకు వెయ్యి రూపాయలతో ఆటకు కూర్చున్నారనుకోండి. వంద ఆటలు ఆడారు. ఆటకు సగటున 200 రూపాయల పందెం పోగయింది. ఆట నడిపే కంపెనీ నూటికి 5 చొప్పున కమిషన్ తీసుకున్నది. మొత్తం వెయ్యి రూపాయలు! ఆరువేలు కాస్తా ఐదువేలయినవి. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న ప్రసక్తి లేకుండానే ఒక మనిషి సొమ్ము పూర్తిగా మాయమయింది. అంటే ఆ ఆటలో ఏడోవాడు ఒకడున్నాడు. వాడు ముక్క పట్టడు, పందెం కాయడు, ఓడడు. సమతూకం మాట్లాడేవారి త్రాసులో ఈ ఏడోవాడు కనిపించడు.

ఇది కొత్త సంగతి కాదు. గెలిచినవాడి సొమ్మునుంచి ద్యూతాధ్యక్షుడు నూటికి ఐదు తీసుకోవాలని కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనే ఉంది. మృచ్ఛకటికంలో పది సువర్ణాల బాకీకి సంవాహకుణ్ణి తరుముకొచ్చే సభికుడు జూదగృహ యజమానే. రాచరికాలు పోయినవి. పోకర్ కంపెనీల కమిషన్ మాత్రం నేటికీ చాలాచోట్ల ఆ ఐదు చుట్టూనే తిరుగుతున్నది.

మరి కంపెనీలే సమతూకంకోసం ఆరాటపడటం దేనికి? ఆరితేరినవారు సరదా ఆటగాళ్లను త్వరగా ఊడ్చేస్తే ఆడేవాళ్లు కరువై కమిషన్ ఆగిపోతుంది. పోకర్ పరిభాషలో మొదటివారు సొరచేపలు, రెండోవారు చేపలు. చెరువును గుత్తకు తీసుకున్నవాడు చేపపిల్లలమీద చూపే దయే ఈ దయ. 2015లో పోకర్‌స్టార్స్ కంపెనీ ఎక్కువగా ఆడేవారి బహుమానాలకు కోతపెట్టి, సరదా ఆటగాళ్ల మేలుకోసమే నన్నది. 2019లో పార్టీపోకర్ కంపెనీ ప్రత్యర్థుల ఆటతీరును లెక్కగట్టి చూపే సాఫ్ట్‌వేర్‌ను నిషేధించింది. చేపలు మరికొంతకాలం బతికాయేమో. కమిషన్ మాత్రం రద్దు కాలేదు.

ఆ కోతకు నిరసనగా 2015 డిసెంబరులో ఆరితేరిన ఆటగాళ్లు మూడురోజులు ఆట మానేశారు. దీన్ని కార్మికుల సమ్మెతో పోల్చేవారున్నారు. వారిది శ్రమ కాదా అని అడుగుతారు. కష్టమే, సందేహం లేదు. లెక్కలు నేర్చి గంటలకొద్దీ ఆడతారు. కాని నేతపనివాడి నైపుణ్యంనుంచి గుడ్డ పుడుతుంది. పోకర్ నైపుణ్యంనుంచి ఏం పుడుతుంది? ఒక జేబులోని రూపాయి, దారిలో కమిషన్ చెల్లించి, మరొక జేబులోకి పోతుంది. ఆ గెలుపుకు మూలం ఎవరో చిరుద్యోగి జీతం, లేదా హాస్టలు విద్యార్థి ఫీజు డబ్బు. అటువంటి సమ్మె గెలిచినా నష్టపోయేది ఆ విద్యార్థే.

“నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టే అన్నది గదా” అంటారు. కోర్టు ఆ మాట అన్నది సికిందరాబాదు క్లబ్బు ఒకదాని కేసులో, 1967లో, రమ్మీ గురించి. పందెం ఆటవల్ల క్లబ్బు యజమానులు లాభం పొందితే అది నేరం కావచ్చునని కూడా ఆ తీర్పులోనే ఉంది. మొదటి మాటను జెండాగా ఎగరేసేవారు రెండో మాటను మింగేశారు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఈ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యం, అదృష్టం అన్న భేదం లేకుండా, డబ్బుకు ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. నిషేధం ఒక్కదానితో వ్యసనం పోదన్న విమర్శ న్యాయమే. ఉద్యోగం దొరకని యువకుడికి పందెంమీద తప్ప మరి దేనిమీదా ఆశ మిగల్చని వ్యవస్థ ఉన్నంతకాలం దొంగదారులు ఉంటాయి. కాని దీన్ని సాకుగా తీసుకుని, సమతూకం పేరుతో తలుపులు మళ్లీ తెరవమనేవారిని మన విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఒక్క ప్రశ్న అడగాలి: ఏడోవాడి వాటా సున్నా చేసుకుని ఆట నడపటానికి ఏ కంపెనీ అయినా సిద్ధంగా ఉన్నదా? జవాబు వచ్చేదాకా మిగతా సమతూకాల చర్చ అనవసరం.